ప్లగ్ వైరు ఎంపికలో రాగి తీగ లెక్క ఎందుకు తప్పుతుంది

మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఉన్న కార్బురేటర్ మారుతి 800 ఒక వానాకాలంలో సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. ఇంటి ముందు స్టార్ట్ చేసి నిలబెడితే ఇంజిన్ ఏ ఒడిదుడుకూ లేకుండా తిరిగేది, చదును రోడ్డు మీద కూడా బాగానే నడిచేది, కానీ కొండ మలుపులో రెండో గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కగానే ఊపిరి అందని మనిషిలా కుదుపులతో ఈడ్చుకుంటూ వెళ్లేది. కార్బురేటర్ విప్పి కడిగించాము, ప్లగ్‌లు మార్పించాము, పెట్రోలు ఫిల్టర్ కూడా కొత్తది వేయించాము. చివరికి ఇగ్నిషన్ కాయిల్ నుంచి స్పార్క్ ప్లగ్‌లకు వోల్టేజి తీసుకెళ్లే ప్లగ్ వైర్ల మీద అనుమానం వచ్చి స్పేర్ పార్టుల దుకాణానికి వెళితే, అక్కడివారు లావుపాటి ఎర్ర వైర్లు చేతిలో పెట్టి, "లోపల అసలైన రాగి అండీ, పికప్ పెరుగుతుంది" అని చెప్పారు. అవి వేశాక మిస్సింగ్ పోయిన మాట నిజమే. అయితే ఆ రోజు నుంచి కారు రేడియోలో ఆకాశవాణి మీడియం వేవ్ పెడితే వార్తలకు బదులు ఇంజిన్ వేగాన్ని బట్టి హెచ్చుతూ తగ్గుతూ టకటకమనే మోత వినిపించేది. పాత వైర్లలో ఉన్న లోపం ఏమిటో, కొత్త వైర్లు తెచ్చిన లోపం ఏమిటో విడివిడిగా అర్థమయ్యాకనే సరైన ప్లగ్ వైరు అంటే ఏమిటో నాకు తెలిసింది.

వైరు అనగానే మనకు తోచే ఆలోచన ఇంటి కరెంటు పనుల నుంచి వస్తుంది. గీజరుకు లావు వైరు వేయాలి, లైటుకు సన్నది చాలు, రాగి ఎంత ఎక్కువుంటే అంత మేలు అని ఎలక్ట్రీషియన్లు చెప్పగా విని ఉన్నాము, ఆ లెక్క అక్కడ సరైనదే. 230 వోల్టుల మీద 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి, తీగ సన్నగా ఉంటే వేడెక్కుతుంది. ప్లగ్ వైరులో పరిస్థితి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. అందులో వోల్టేజి అవసరాన్ని బట్టి 10 వేల నుంచి 30 వేల వోల్టుల దాకా, కొన్ని ఇంజిన్లలో అంతకు మించి కూడా ఉంటుంది గానీ, స్పార్క్ వెలిగే సమయంలో ప్రవహించే కరెంటు ఆంపియరులో పదో వంతుకు కూడా సాధారణంగా చేరదు, అది కూడా సెకనులో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో మాత్రమే. ఇంత స్వల్పమైన కరెంటును మోయడానికి లావు తీగ అవసరం లేదు. అంత పెద్ద వోల్టేజిని దారిలో బయటికి దూకనివ్వకుండా పట్టి ఉంచడమే ఇక్కడ కష్టమైన పని, ఆ పని చేసేది లోపలి తీగ చుట్టూ ఉన్న ఇన్సులేషన్. 7 మిల్లీమీటర్ల ప్లగ్ వైరును అడ్డంగా కోసి చూస్తే, మధ్యలో పెన్సిల్ ములుకు లాంటి సన్నటి నడిమి భాగం తప్ప, మిగిలినదంతా ఇన్సులేషనే కనబడుతుంది.

ఘాట్ రోడ్డు మీదనే మిస్సింగ్ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ వోల్టేజిలోనే ఉంది. ఇగ్నిషన్ కాయిల్ ప్రతిసారీ ఒకే వోల్టేజిని పంపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కాయిల్‌లో 12 వోల్టుల వైపు కరెంటు తెగిన క్షణంలో, రెండో చుట్టలో వోల్టేజి సున్నా దగ్గర నుంచి ఎగబాకుతూ పోయి, ప్లగ్ కొసల మధ్య ఉన్న గాలి ఎక్కడ ఓడిపోతే అక్కడ ఆగుతుంది. బయటి గాలిలో ఒక మిల్లీమీటరు సందును దాటడానికి 3, 4 వేల వోల్టులు సరిపోతాయి. అదే సందు సిలిండర్ లోపల, పిస్టన్ నొక్కిన మిశ్రమంలో ఉన్నప్పుడు దానికి ఎన్నో రెట్లు వోల్టేజి కావాలి, ఎందుకంటే ఒత్తిడి పెరిగేకొద్దీ వాయువు విద్యుత్తుకు మరింత గట్టిగా అడ్డుపడుతుంది. బండి నిలబడి ఇంజిన్ నెమ్మదిగా తిరిగే ఐడిలింగ్‌లో, గాలి దారిని తెరిచే థ్రాటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది కాబట్టి సిలిండర్‌లోకి చేరే గాలి తక్కువ, ఒత్తిడీ తక్కువ. కొండెక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే సిలిండర్ నిండా గాలి చేరి ఒత్తిడి పెరుగుతుంది, వోల్టేజి ఇంకా పైకి ఎగబాకవలసి వస్తుంది. ఆ క్రమంలో వైరు ఇన్సులేషన్‌లో ఎక్కడైనా బీట ఉంటే, ప్లగ్ దగ్గర దూకడం కంటే ఆ బీట గుండా ఇంజిన్ బ్లాకు మీదికి దూకడమే విద్యుత్తుకు సులువవుతుంది. సిలిండర్‌లో మంట పుట్టదు, బండి కుదుపుతుంది.

ఇదే కారణం చేత, ప్లగ్‌ను విప్పి బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టి నీలపు నిప్పురవ్వ చూసి "స్పార్క్ బాగానే ఉంది" అనే పరీక్షను నేను పూర్తిగా నమ్మను. ఆ పరీక్షలో ప్లగ్ బయటి గాలిలో ఉంటుంది. అక్కడ దూకగలిగిన స్పార్క్ సిలిండర్ లోపల దూకుతుందనే హామీ ఏమీ లేదు. అరిగిపోయిన ప్లగ్‌లు కూడా ఇదే దారిన వైర్లను దెబ్బతీస్తాయి. ప్లగ్ కొస అరిగి సందు పెరిగేకొద్దీ ప్రతి స్పార్క్‌కూ వోల్టేజి ఎక్కువ కావాలి, ఆ భారమంతా ఇన్సులేషన్ మీద పడుతుంది. పాత ప్లగ్‌లను అలాగే ఉంచి వైర్లు మాత్రమే మార్చినవారికి కొంతకాలానికే మళ్లీ అదే జబ్బు తిరగబెట్టడం అందుకే.

ఇక దుకాణంలో విన్న రాగి మాట సంగతి చూద్దాము. నిరోధం తక్కువున్న వైరు వేస్తే స్పార్క్ బలంగా వచ్చి పికప్ పెరుగుతుందనేది వినడానికి సబబుగా అనిపించే వాదన. కానీ స్పార్క్ దూకే క్షణం వరకు వైరులో చెప్పుకోదగ్గ కరెంటు ఉండదు, కరెంటు లేనప్పుడు నిరోధం వల్ల వోల్టేజి పడిపోవడమూ ఉండదు. అంటే 5 కిలోఓమ్‌ల వైరు ఉన్నా, రాగి తీగ ఉన్నా, ప్లగ్ కొసకు చేరే వోల్టేజి దాదాపు ఒకటే. స్పార్క్ దూకిన తరువాత 50 మిల్లీఆంపియర్ల కరెంటు ప్రవహించిందనుకుంటే, 5 కిలోఓమ్‌ల మీద పడే వోల్టేజి 250 వోల్టులు మాత్రమే. దానివల్ల స్పార్క్ శక్తిలో కొంత భాగం వైరులో వేడిగా పోతుంది, అది నిజమే. కానీ కారు తయారుచేసినవారు ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకొని కాయిల్‌ను తగినంత మిగులుతో తయారుచేస్తారు. మిశ్రమానికి నిప్పంటుకోవడానికి చాలినంత శక్తి ఉన్నప్పుడు, అంతకు మించి ఇచ్చినందువల్ల మామూలు ఇంజిన్ అదనపు బలం చూపదు. నా కారులో ఎర్ర వైర్లతో మిస్సింగ్ పోవడానికి కారణం వాటిలోని రాగి కాదని, అవి కొత్తవి కావడం వల్ల ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా ఉండటమేనని నాకు ఆలస్యంగా బోధపడింది.

అయితే కంపెనీవారు వైరులో నిరోధాన్ని కావాలని ఎందుకు పెడతారు? దీనికి సమాధానం రేడియోలో వినిపించిన ఆ మోతే. 1887లో హైన్రిక్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను మొదటిసారి ప్రయోగశాలలో పుట్టించినప్పుడు ఆయన వాడినది ఇండక్షన్ కాయిల్, రెండు గోళాల మధ్య సందు, ఆ సందులో దూకే స్పార్క్. మన కారు బోనెట్ కింద ఉన్నది అచ్చం ఆ అమరికే: కాయిల్ ఉంది, సందు ఉంది, మధ్యలో ఏంటెన్నాలా పనిచేసే పొడవాటి తీగ ఉంది. స్పార్క్ దూకిన క్షణంలో వైరులో నిలువ ఉన్న విద్యుదావేశం సెకనులో కొన్ని వందకోట్లవ వంతుల వ్యవధిలో ఒక్కసారిగా విడుదలై, తీగలో అటూ ఇటూ ఊగుతూ తరంగాలను వెదజల్లుతుంది. తీగలో తగినంత నిరోధం ఉంటే ఆ ఊగిసలాట పుట్టిన వెంటనే అణగిపోతుంది. వాహనాలు ఇలా వెదజల్లే రేడియో అలజడికి హద్దులు విధించే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి, మన దేశంలో ఏఐఎస్-004 ఆ పని చేస్తుంది.

కార్బురేటర్ కారులో ఈ అలజడి వల్ల రేడియో మోత వచ్చి ఊరుకుంటుంది. పెట్రోలును కంప్యూటర్ లెక్కతో చిమ్మే ఇంజెక్షన్ కారులో సంగతి వేరు. అక్కడ క్రాంక్ షాఫ్ట్ ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సర్, నాక్ సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్ పంపే సంకేతాలు బలహీనమైనవి. వాటి పక్కనే నిరోధం లేని రాగి తీగ వైరు పరిస్తే, ఆ కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, లేని సంకేతాలు ఉన్నట్టు అందవచ్చు, ఫలితంగా స్పార్క్ సమయం తప్పవచ్చు, చెక్ ఇంజిన్ లైటు కారణం తెలియకుండా వెలుగుతూ ఆరుతూ ఉండవచ్చు. అందువల్ల ఇంజెక్షన్ ఉన్న ఏ కారుకూ నిరోధం లేని రాగి వైర్లు వేయకూడదనే నా అభిప్రాయం గట్టిది. ఆ వైర్లకు చోటు ఎలక్ట్రానిక్స్ ఏమీ లేని పాత ఇంజిన్లలో, కొన్ని రకాల రేసు ఇంజిన్లలో మాత్రమే ఉంది.

నిరోధం గల వైర్లు ముఖ్యంగా మూడు విధాలుగా దొరుకుతాయి, వీటి మధ్య తేడా తెలియకపోవడం వల్లనే మీటరు పెట్టి కొలిచినవారు కూడా పొరబడుతుంటారు. మొదటిది కార్బన్ పట్టించిన గాజు పీచు లేదా అలాంటి గట్టి పీచు నడిమి భాగంగా ఉన్న వైరు. చాలా జపాన్ తరహా కార్లలో, అంటే మన మారుతి కార్లలో కూడా, కంపెనీ నుంచి వచ్చేది సాధారణంగా ఇదే. దీని నిరోధం మీటరు పొడవుకు రమారమి 10 నుంచి 20 కిలోఓమ్‌లు ఉంటుంది, కాబట్టి సెట్టులో పొడవు వైరుకు ఎక్కువ, పొట్టి వైరుకు తక్కువ చూపడం లోపం కాదు. రెండోది, అయస్కాంత పదార్థం కలిపిన నడిమి భాగం చుట్టూ సన్నటి లోహపు తీగను స్ప్రింగులా దగ్గర దగ్గరగా చుట్టిన వైరు. ఇది నిరోధంతో పాటు చుట్టల స్వభావం వల్ల కూడా ఆ ఊగిసలాటను అణుస్తుంది, కనుక నిరోధం తక్కువున్నా రేడియో అలజడిని ఆపగలదు. కార్బన్ వైరులో కాలక్రమాన కార్బన్ చెదిరి నిరోధం పెరిగిపోయే జబ్బు ఉంది, లోహపు చుట్ట వైరుకు ఆ బెడద తక్కువ కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది. మూడోది జర్మన్ కార్లలో ఎక్కువగా కనిపించే పద్ధతి: వైరు లోపల రాగి తీగే ఉంటుంది, నిరోధం మాత్రం కొసలలోని క్యాపులలో ఉంటుంది, ఉదాహరణకు కాయిల్ వోల్టేజిని వంతులవారీగా ప్లగ్‌లకు పంచే డిస్ట్రిబ్యూటర్ వైపు 1 కిలోఓమ్, ప్లగ్ వైపు 5 కిలోఓమ్‌లు. ఇలాంటి సెట్టులో పొడవుతో సంబంధం లేకుండా అన్ని వైర్లూ దాదాపు ఒకే అంకె చూపుతాయి. దీని క్యాపు తీసేసి మామూలు రబ్బరు బూటు తగిలించినవారు తెలియకుండానే నిరోధం లేని రాగి వైరును తయారుచేసుకున్నట్టవుతుంది.

ప్లగ్‌లో కూడా నిరోధం ఉండవచ్చు. ఎన్‌జీకే ప్లగ్ నంబరులో బీపీఆర్ అన్నచోట ఉండే 'ఆర్' అక్షరం లోపల రెసిస్టర్ ఉందని చెబుతుంది, అది సాధారణంగా 5 కిలోఓమ్‌ల దాపున ఉంటుంది. కారు పుస్తకంలో ఆర్ ఉన్న ప్లగ్ చెప్పినప్పుడు ఆ అక్షరం లేని ప్లగ్ వేయకూడదు, దాన్ని వైరుతో సరిపెట్టుకోవచ్చని లెక్కలు కట్టడమూ మంచిది కాదు.

ఇన్సులేషన్ విషయానికి వస్తే, ఇక్కడే నేను ఎక్కువ డబ్బు పెట్టమని చెబుతాను. వైరు చుట్టూ బలమైన విద్యుత్ క్షేత్రం ఉండటం వల్ల గాలిలోని ఆక్సిజన్ కొంత ఓజోనుగా మారుతుంది. ఓజోను మామూలు సహజ రబ్బరును బీటలు వారేలా చేస్తుంది. ఇప్పటి వైర్లలో వాడే ఈపీడీఎం రబ్బరు, సిలికాన్ రబ్బరు రెండూ ఓజోనుకు తట్టుకుంటాయి. వేడి దగ్గర మాత్రం సిలికాన్‌ది పైచేయి, అది 200 డిగ్రీల సెల్సియస్ దాపున కూడా మెత్తదనం కోల్పోదు. ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ పక్క నుంచి వైర్లు వెళ్లే ఇంజిన్లకు, మే నెలలో విజయవాడ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని నిలబడే కార్లకు సిలికాన్ పై తొడుగు ఉన్న వైరే తగినది. సిలికాన్‌కు ఒక బలహీనత ఉంది, అది గీతకు, కోతకు తొందరగా చిరుగుతుంది, కాబట్టి పదునైన అంచులకు రాసుకోకుండా క్లిప్పులలో కూర్చోబెట్టాలి. వైరు మందం విషయంలో 7 నుంచి 8 మిల్లీమీటర్లు మామూలు కారుకు సమృద్ధిగా సరిపోతుంది, కొన్ని చిన్న జపాన్ ఇంజిన్లకు కంపెనీ 5 మిల్లీమీటర్ల వైరే ఇస్తుంది. నాసిరకం రబ్బరుతో చేసిన 10 మిల్లీమీటర్ల వైరు కంటే నాణ్యమైన 7 మిల్లీమీటర్ల వైరు ఎక్కువ వోల్టేజిని ఆపగలదు. పైగా లావు వైర్లు కంపెనీ క్లిప్పులలో ఇమడక, వేలాడి, వేడి లోహాన్ని తాకుతాయి. రంగుకు ఏ అర్థమూ లేదు.

కొసలు సరిపోవడం చిన్న సంగతిగా కనబడుతుంది గానీ, నేను చూసిన మిస్సింగులలో చాలావాటికి మూలం అక్కడే ఉంది. కొన్ని ప్లగ్‌ల తలమీద మరతో విడదీయగల చిన్న నట్టు ఉంటుంది, కొన్ని వైర్లకు ఆ నట్టు ఉండాలి, కొన్నింటికి తీసేసి సన్నటి మర కొస మీదనే తొడగాలి. ఆ నట్టు చేతితో బిగించినంత మాత్రాన చాలదు, వదులుగా ఉంటే లోపలే చిన్న చిన్న స్పార్కులు దూకి టెర్మినల్‌ను తినేస్తాయి. ప్లగ్‌లు సిలిండర్ హెడ్ నడిమి లోతైన గుంతలలో ఉండే ఇంజిన్లకు పొడవాటి గొట్టం లాంటి బూటు కావాలి, పొట్టి బూటు అక్కడ పనికిరాదు. ఆ గుంతలలోకి ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి ఆయిలు దిగుతుంటే, ఎంత మంచి వైరైనా బూటు ఉబ్బి పాడవుతుంది, కాబట్టి ముందు ప్యాకింగ్ మార్పించి తరువాత వైర్లు కొనాలి.

కొనేముందు మీ ఇంజిన్‌కు అసలు ప్లగ్ వైర్లు ఉన్నాయో లేవో చూసుకోవాలి. ఇప్పుడు వచ్చే చాలా పెట్రోలు కార్లలో ప్రతి ప్లగ్ నెత్తినా ఒక కాయిల్ కూర్చుంటుంది, మధ్యలో వైరే ఉండదు. డిస్ట్రిబ్యూటర్ పోయి, ఈ కాయిళ్లు ఇంకా రాని మధ్య కాలపు కార్లలో రెండు సిలిండర్లకు ఒక కాయిల్ ఉండి, దాని రెండు కొసల నుంచి రెండు వైర్లు వెళతాయి, రెండు ప్లగ్‌లూ ఒకేసారి వెలుగుతాయి. ఈ అమరికలో కరెంటు ఒక వైరు గుండా వెళ్లి, ఇంజిన్ లోహం మీదుగా రెండో వైరు గుండా తిరిగి కాయిల్‌కు చేరుతుంది, కాబట్టి ఒక వైరు తెగితే దాని జంట సిలిండర్ కూడా ఇబ్బంది పడవచ్చు. రెండు సిలిండర్లు ఒకేసారి మందగించాయని ఇంజిన్ విప్పడానికి ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గ్యాస్ కిట్ ఉన్న బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం ఉంది. ఎల్‌పీజీ మీద నడిచే ఓమ్నీ వ్యాన్లకు, సీఎన్‌జీ పెట్టించుకున్న కార్లకు స్పార్క్ దూకడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు మీద ఏ లోపమూ చూపని వైర్లు గ్యాస్‌కు మార్చగానే మిస్సింగ్ కొట్టడం వింత కాదు. మిక్సర్ రకం పాత కిట్లలో వెలగని గ్యాస్ ఇన్‌టేక్ వైపు అంటుకొని ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలేంత బ్యాక్‌ఫైర్ కూడా రావచ్చు, అందువల్ల కిట్ పెట్టించే రోజునే ప్లగ్‌లూ వైర్లూ కొత్తవి వేయించుకోవడం ఖర్చు అనిపించినా అవసరం.

పాత వైర్లు నిజంగా పాడయ్యాయో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది చీకట్లో చేసేది. ఎర్ర వైర్లు తీసేసి, ఇంటికి తెచ్చుకున్న పాత వైర్లను ఒక రాత్రి మళ్లీ తగిలించి, బోనెట్ ఎత్తి, వీధి దీపం వెలుగు పడకుండా కారును గోడ వైపు తిప్పి, ఇంజిన్ నడుస్తుండగా మొక్కలకు కొట్టే స్ప్రే బుడ్డితో వైర్ల మీద సన్నటి నీటి తుంపర కొట్టాను. మూడో సిలిండర్ వైరు బూటుకు అంగుళం పైన, అది హెడ్‌కు ఆనుకునే చోట, దారం పోగు లాంటి నీలపు వెలుగు టిక్కు టిక్కుమంటూ కనిపించింది. తుంపర పడినప్పుడల్లా ఇంజిన్ గొంతు మారింది. ఈ పరీక్ష చేసేటప్పుడు చేతులు వైర్లకు దూరంగా ఉంచాలి, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరికి రాకూడదు.

రెండోది మల్టీమీటరు పరీక్ష. ఇంజిన్ ఆపి, వైరును రెండు కొసలా విప్పి, మీటరును 200 కిలోఓమ్‌ల స్కేలులో పెట్టి కొలవాలి. నా పాత సెట్టులో పొట్టి వైరు 4, మధ్యది 6 కిలోఓమ్‌ల దాపున నిలకడగా చూపగా, మూడోది పెట్టగానే 9 చూపి, చేతితో కాస్త వంచేసరికి 30 దాటి, మరికాస్త వంచితే తెగిన తీగలా ఏమీ చూపకుండా పోయింది. అందువల్ల వైరును నిటారుగా పెట్టి ఒక్కసారి కొలిచి వదిలేయకూడదు, వంచుతూ కొలవాలి. మీటరు నిరోధాన్ని మాత్రమే కొలుస్తుంది, ఇన్సులేషన్‌లోని బీటను చూపలేదు. చీకటి పరీక్ష బీటను చూపుతుంది, లోపల తెగిన కార్బన్‌ను అన్నిసార్లూ చూపలేదు. రెండూ చేస్తేనే నిర్ధారణ. ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టడానికి ఇంజిన్ నడుస్తుండగా ఒక్కొక్క వైరూ పీకి చూసే పాత అలవాటును ఇంజెక్షన్ కార్ల దగ్గర మానుకోవాలి, ఎందుకంటే దిక్కులేని వోల్టేజి కాయిల్ ఇన్సులేషన్‌ను ఛేదించవచ్చు, మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చవచ్చు.

కొత్త సెట్టు కొనేటప్పుడు కారు మోడల్‌తో పాటు ఇంజిన్ రకం, తయారైన సంవత్సరం చెప్పి అడగాలి, కార్బురేటర్ 800 వైర్లు, ఇంజెక్షన్ 800 వైర్లు ఒకటే అనుకోకూడదు. సెట్టులోని పొడవులను పాతవాటి పక్కన పరిచి పోల్చుకోవాలి, వీలైతే దుకాణంలోనే మీటరు పెట్టి కొలవమనాలి. నేను చివరికి కంపెనీ ఇచ్చిన తరహా కార్బన్ వైర్లే, సిలికాన్ తొడుగుతో ఉన్నవి తెచ్చి, ఒక్కొక్క వైరే విప్పి దాని చోట కొత్తది పెడుతూ వచ్చాను, ఎందుకంటే మూడు సిలిండర్ల ఈ ఇంజిన్‌కు ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో మంట పుట్టే వరుస, 1-3-2, అన్నీ ఒకేసారి పీకితే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద ఏది ఎక్కడిదో తికమక పడతాము. వైరు పట్టుకొని లాగకుండా బూటు పట్టుకొని కొద్దిగా మెలితిప్పి తీశాను, కొత్త బూటు లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పలచగా రాశాను. ప్లగ్ తల మీద బూటును అదిమినప్పుడు టెర్మినల్ పట్టుకున్న చిన్న 'టక్' శబ్దం వేలికి తెలుస్తుంది, అది తెలిసేదాకా నొక్కాలి. ఆ వారమే వానలో ఘాట్ రోడ్డు ఎక్కాము. రెండో గేరులో మలుపు దాటేటప్పుడు రేడియోలో వార్తలు స్పష్టంగా వినిపించాయి.